భర్త పేరు గడి ఖాళీగా ఉంచి తల్లి కావడం ఎలా

తిరుపతిలో కొత్త ఇంట్లో అద్దెకు దిగితే ఇంటి యజమానురాలి నోట మూడో మాటగా వచ్చేది, "మీ ఆయన ఏం చేస్తుంటారమ్మా?" చిత్తూరులో అయితే రెండో మాటే కావచ్చు. పెళ్లి చేసుకోని స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ, భర్తను పోగొట్టుకున్న స్త్రీ తనంతట తాను బిడ్డను కనాలనో దత్తత తీసుకోవాలనో అనుకుంటే మొదట జంకేది ఈ ప్రశ్నకే. ఆస్పత్రిలోనూ కలెక్టరేటులోనూ ఇదే అడుగుతారేమోనని అడుగు వేయకుండానే ఆగిపోయేవారు చాలామంది.

అక్కడ ఆ భయం అక్కర్లేదు. సహాయక పునరుత్పత్తి చికిత్సలను నియంత్రించే 2021 నాటి చట్టం 21 ఏళ్లు దాటిన ఏ స్త్రీకైనా, పెళ్లి ఊసు లేకుండానే, చికిత్స కోరే హక్కు ఇచ్చింది. దత్తత నిబంధనలు కూడా ఒంటరి స్త్రీకి ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా ఇస్తాయి. ఒంటరి మగవాడికి మాత్రం ఆడపిల్లను ఇవ్వవు. కాకపోతే ఈ దారిలో అడుగడుగునా ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: మీకేమైనా అయితే ఈ బిడ్డను ఎవరు చూస్తారు? దానికి జవాబు చేతిలో ఉంటే మిగతాదంతా కాగితాల పని, ఓపిక పని.

ముందు రెండో మనిషిని ఎంచుకోండి

డాక్టరు దగ్గరికి వెళ్లకముందే, దత్తత దరఖాస్తుల పోర్టల్ తెరవకముందే చేయవలసిన పని ఇది. దత్తతకు దరఖాస్తు చేసే ఒంటరి స్త్రీ, తనకు ఏదైనా జరిగితే బిడ్డ బాధ్యత తీసుకుంటానని దగ్గరి బంధువు సంతకం చేసిన హామీపత్రం ఇవ్వాలి. చికిత్స దారిలో అలాంటి పత్రం అడగకపోయినా మనిషి అవసరం మాత్రం తప్పదు. అండాలు తీసే రోజు మత్తుమందు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకువెళ్లడానికి ఒకరు ఉండాలి. కాన్పు రోజు ఒకరు ఉండాలి. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం కాస్తే మందుల దుకాణానికి పరుగెత్తడానికీ ఒకరు ఉండాలి.

"నేనున్నాను కదా, నీకెందుకు భయం" అనే స్నేహితురాలు వేరు, సంతకం పెట్టే అక్క వేరు. ఇద్దరూ కావాలి, కానీ ఇద్దరి పనీ ఒకటి కాదు. సంతకం కోసం వెళ్లినప్పుడు మాట డొంకతిరుగుడుగా వద్దు. "అక్కా, రేపు నేను లేకపోతే ఈ బిడ్డ నీ ఇంట్లో పెరగాలి. బావతో మాట్లాడి ఆలోచించుకుని వారంలో చెప్పు, కాదన్నా నేనేమీ అనుకోను" అని అడగండి. గడువు ఇవ్వడం, కాదనే వీలు ఇవ్వడం రెండూ ముఖ్యమే. మొహమాటంతో వచ్చిన అవును పనికిరాదు. అమ్మ ఒక్కరినే నమ్ముకుని దిగవద్దని కూడా చెబుతాను. అమ్మకు అరవై ఎనిమిది ఏళ్లుంటే బిడ్డ ఇంటర్ చదివేనాటికి ఆవిడకే ఒకరి సాయం కావాలి. పెద్దవారు ఒకరు, మీ వయసువారో మీకంటే చిన్నవారో ఒకరు ఉండేలా చూసుకోండి.

ఇంట్లో చెప్పేటప్పుడు చాలామంది అనుమతి అడుగుతున్నట్టు మొదలుపెట్టి గంటలో కన్నీళ్ల దగ్గర ఆగిపోతారు. నిర్ణయం అయిపోయిందని చెప్పి, ఏ సాయం కావాలో అడగండి. "ఒంటరిగా ఎలా పెంచుతావే?" అని అమ్మ అంటే అది తిట్టు కాదు, నిజమైన ప్రశ్న. జీతం ఎంత, పొదుపు ఎంత, పగలు ఎవరు చూస్తారు, రెండో మనిషి ఎవరు అనేవి కాగితం మీద రాసి చూపించండి. మా వైపు అమ్మలు లెక్క చూపిస్తే మెత్తబడతారు.

ఏ దారి? వయసు ఏం చెబుతోంది?

చికిత్స తీసుకునే స్త్రీకి 50 ఏళ్లు నిండకూడదని చట్టం. శరీరం పెట్టే గడువు అంతకంటే చాలా ముందే ముగుస్తుంది. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత వేగంగా తగ్గుతాయి. 40 తరువాత సొంత అండంతో గర్భం నిలవడం కష్టమవుతుంది, గర్భస్రావాలు పెరుగుతాయి. ఇప్పుడే బిడ్డ వద్దు, తలుపు మాత్రం మూయకూడదు అనుకునే ముప్పై ఏళ్ల అమ్మాయి అండాలను శీతలీకరించి దాచుకోవచ్చు. దానికీ పెళ్లి అక్కర్లేదు.

దత్తతకు 2022 నిబంధనలు వయసును మెట్లుగా విడదీశాయి. ఒంటరి స్త్రీ వయసు 40 లోపు ఉంటే రెండేళ్ల లోపు బిడ్డకు దరఖాస్తు చేయవచ్చు. 45 వరకు రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ, 50 వరకు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డ, 55 వరకు అంతకంటే పెద్ద పిల్లలు. తల్లికీ బిడ్డకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కోసం ఎదురుచూపు మూడేళ్లు దాటడం మామూలే. అందుకే 38, 39 ఏళ్ల వారికి నా సలహా ఒకటే: చికిత్స ఫలితం చూశాక దత్తత సంగతి ఆలోచిద్దామని కూర్చోకండి. రెండింటికీ ఒకేసారి పేరు నమోదు చేసుకోండి, గృహ అధ్యయనానికి, అంటే దత్తతకు ముందు మీ ఇంటిని, పరిస్థితులను చూడడానికి వచ్చినవారికి చికిత్స విషయం దాచకండి. మధ్యలో గర్భం వస్తే దత్తత ఏజెన్సీకి చెప్పండి.

అద్దెగర్భం గురించి అడిగేవారికి క్లుప్తంగా: భర్త చనిపోయిన లేదా విడాకులు పొందిన, 35 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీకే అద్దెగర్భం (సరోగసీ) చట్టం వీలు కల్పిస్తుంది. అందులోనూ అండం ఆమెదే అయి ఉండాలి. పెళ్లే చేసుకోని స్త్రీకి ఆ దారి లేదు.

భర్త నుంచి విడిగా ఉంటూ కోర్టులో కేసు నడుస్తున్నవారు తొందరపడవద్దు. దత్తత అధికారులు విడాకుల తీర్పు ప్రతి అడుగుతారు. హిందూ దత్తత చట్టం ప్రకారమైనా, భర్త జీవించి ఉన్న స్త్రీ దత్తతకు ఆయన సమ్మతి కావాలి. ముందు తీర్పు చేతికి తెచ్చుకోండి.

చికిత్స దారి

మొదట స్త్రీవైద్య నిపుణురాలి దగ్గర మామూలు పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, రక్తపోటు, రుబెల్లా నిరోధకత, తలసీమియా వాహకులేమో తెలిపే పరీక్ష. తరువాత అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష, నెలసరి రెండో మూడో రోజున స్కానింగ్, ఫలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందే మొదలుపెట్టాలి. మీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే దాత గ్రూపు గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి.

తరువాత సంతాన సాఫల్య కేంద్రం ఎంపిక. బోర్డు మీద పసిపాప నవ్వు చూసి లోపలికి వెళ్లకండి. ఆ కేంద్రం జాతీయ రిజిస్ట్రీలో నమోదైందా, ఏ స్థాయిలో నమోదైందన్నది చూడండి. మొదటి స్థాయి కేంద్రాలు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) మాత్రమే చేయగలవు, ఐవీఎఫ్‌కు (అండాన్ని ప్రయోగశాలలో ఫలదీకరించే పద్ధతికి) రెండో స్థాయి నమోదు ఉండాలి. తిరుపతిలో ఉన్నవారు చెన్నైకి, చిత్తూరులో ఉన్నవారు వేలూరుకు వెళ్లడం అలవాటే. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం కాబట్టి ఇబ్బంది లేదు. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 135 కిలోమీటర్లు, ఇంజక్షన్ల రోజుల్లో రెండు మూడు రోజులకు ఒకసారి స్కానింగ్ ఉంటుంది. సెలవు దొరకని ఉద్యోగమైతే ఊళ్లోని కేంద్రమే మేలు. పెద్ద ఊరి పేరు కంటే తెల్లవారి ఏడు గంటలకు స్కానింగ్ చేసి తొమ్మిదికల్లా మిమ్మల్ని ఆఫీసుకు పంపే కేంద్రం విలువైనది.

కొన్నిచోట్ల రిసెప్షన్‌లోనే, "భర్త సంతకం లేకుండా కుదరదండీ" అంటారు. దరఖాస్తు ఫారాలన్నీ దంపతుల కోసమే అచ్చు వేయించి ఉంటారు, అందులో మీకు సరిపోయే గడి వారికే దొరకదు. గొంతు పెంచనక్కర్లేదు. ఏ నిబంధన కింద భర్త సంతకం అడుగుతున్నారో రాసి ఇమ్మనండి. సాధారణంగా ఆ మాటతో లోపలి నుంచి డాక్టరే వస్తారు. ప్రతి కేంద్రంలో ఫిర్యాదుల విభాగం ఉండాలని చట్టం చెబుతోంది, దాని పేరు అడగండి. అయినా వినకపోతే ఆ కేంద్రం వదిలేయండి. ఒంటరి స్త్రీకి చికిత్స చేయడం ఇష్టంలేని వారి చేతిలో మీ శరీరం పెట్టడం దేనికి?

వీర్యం నమోదైన బ్యాంకు నుంచే రావాలి. స్నేహితుడు ఇస్తాడు, దూరపు బంధువు ఇస్తాడు అనే ఏర్పాట్లకు తావు లేదు. దాత వయసు 21 నుంచి 55 మధ్య ఉండాలి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్ పరీక్షలు చేసి ఉండాలి. దాత ఎవరో మీకు చెప్పరు, మీరెవరో ఆయనకు చెప్పరు. రక్తం గ్రూపు, ఎత్తు, రంగు, చదువు వంటి వివరాలు ఇస్తారు. బిడ్డ మీద దాతకు ఏ హక్కూ ఉండదు, ఏ బాధ్యతా ఉండదు. ఆడో మగో ఎంచుకునే వీలు కూడా లేదు. ఎవరైనా గుసగుసగా అలాంటి మాట అంటే లేచి వచ్చేయండి, అది నేరం.

నాళాలు బాగుండి వయసు 35 లోపు ఉంటే ముందు ఐయూఐ చూద్దామంటారు. అండం పెరుగుదలను స్కానింగులో చూస్తూ, పక్వమయ్యాక ఒక ఇంజక్షన్ ఇచ్చి, దాదాపు 36 గంటలకు శుద్ధిచేసిన వీర్యాన్ని సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. మత్తు ఉండదు, పది నిమిషాల పని. రెండు వారాలకు రక్తపరీక్ష. మూడు నాలుగు విడతలు ఫలించకపోతే ఐవీఎఫ్ గురించి అడగండి.

ఐవీఎఫ్‌లో పది పన్నెండు రోజులు రోజూ ఇంజక్షన్లు ఉంటాయి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మీరే వేసుకోవచ్చు, నర్సమ్మ ఒకసారి చూపిస్తే చాలు. కష్టం సూదితో కాదు, వేడితో. ఈ మందుల్లో చాలావరకు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్రిజ్ వెచ్చబడుతుంది. చెన్నై నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్ ప్యాకులున్న చిన్న పెట్టె వాడండి. మందు ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి, గడ్డకడితే పనికిరాదు. ఫ్రిజ్‌లో తలుపు అరల్లో కాకుండా మధ్య అరలో పెట్టండి. ఎండాకాలంలో మొదలుపెట్టక తప్పదా అని ఒకసారి ఆలోచించుకోవడమూ తప్పు కాదు.

అండాలు తీశాక ప్రయోగశాలలో దాత వీర్యంతో ఫలదీకరించి, మూడో రోజో అయిదో రోజో పిండాన్ని గర్భాశయంలో పెడతారు. ఒక్క పిండమే పెట్టమని అడగండి. కవలలైతే ముచ్చటే, కానీ నెలలు నిండని కాన్పు, రక్తపోటు, రెండు ఇంక్యుబేటర్ల బిల్లు ఒంటరి తల్లి మీద పడితే ముచ్చట మిగలదు. మిగిలిన పిండాలను పదేళ్ల వరకు నిల్వ ఉంచవచ్చు. అండాలు తీసిన తరువాతి రోజుల్లో పొట్ట బాగా ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, మూత్రం తగ్గినా తెల్లవారే వరకు ఆగకుండా కేంద్రానికి ఫోను చేయండి.

ఖర్చు ఒక ఐవీఎఫ్ విడతకు సాధారణంగా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది. ప్యాకేజీ అన్న మాట వినగానే తల ఊపకండి. ఇంజక్షన్లు, దాత నమూనా, మత్తుమందు, పిండాల నిల్వ, రెండోసారి పిండం పెట్టడం అందులో కలిసి ఉన్నాయా లేవా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఒక విడతకే సరిపడా డబ్బుతో దిగడం మంచిది కాదు. మొదటిసారి ఫలించని వారే ఎక్కువ.

దత్తత దారి

ఈ దారిలో ఒకే ఒక్క తలుపు ఉంది, కేంద్ర దత్తత సంస్థ అయిన కారా పోర్టల్. ఆస్పత్రి ఆయా చెప్పిన బిడ్డ, ఫలానా పల్లెలో మూడో ఆడపిల్లను వద్దనుకుంటున్న దంపతులు, "ఆస్పత్రి ఖర్చులు మీరు పెట్టుకుంటే చాలు" అనే మధ్యవర్తి, వీటన్నింటికీ ఒకే పేరు: పిల్లల అమ్మకం. బాల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద కొన్నవారికీ అమ్మినవారికీ అయిదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బంది అయితే మూడు నుంచి ఏడేళ్లు. శిక్ష మాట అటుంచినా, అలా వచ్చిన బిడ్డను రెండేళ్ల తరువాత పోలీసులు తీసుకుపోతే ఆ బిడ్డ పడే బాధకు మీరే కారణమవుతారు. ఎవరైనా బిడ్డను వదిలేయాలనుకుంటున్నారని తెలిస్తే 1098కు ఫోను చేయండి, లేదా జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చెప్పండి.

పోర్టల్‌లో ఫొటో, పాన్, పుట్టిన తేదీ రుజువు, చిరునామా రుజువు, ఆదాయ రుజువు, ప్రాణాంతకమైన జబ్బులు లేవని డాక్టరు ఇచ్చిన పత్రం, అవసరమైతే విడాకుల తీర్పు లేదా భర్త మరణ ధ్రువపత్రం, తెలిసినవారి నుంచి రెండు లేఖలు, ఇందాక చెప్పిన బంధువు హామీపత్రం ఎక్కించాలి. రుసుములన్నీ పోర్టల్‌లోనే ప్రచురించి ఉంటాయి. రశీదు లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇంటర్నెట్ పని చేతకాకపోతే, దత్తతకు ఇచ్చే పిల్లలను ఉంచే మీ జిల్లా శిశు గృహలో గానీ బాలల పరిరక్షణ విభాగంలో గానీ సాయం చేస్తారు. తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది కాబట్టి శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు వారు పాత అలవాటుతో చిత్తూరుకు బస్సెక్కి తిరిగి రావద్దు.

కాగితాలు ఎక్కించాక రెండు నెలల్లోగా సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ అధ్యయనం చేయాలి. అందరూ భయపడేది ఈ సందర్శనకే. ఇల్లు పెళ్లిచూపులకు సర్దినట్టు సర్దకండి. వచ్చినావిడ సోఫా కవర్లు చూడరు. మిద్దె మీద పిట్టగోడ ఎంత ఎత్తు ఉంది, గ్యాస్ బండ ఎక్కడ ఉంది, మీ నాన్న బీపీ మాత్రల డబ్బా పిల్ల చేతికి అందే అరలో ఉందా అన్నవి చూస్తారు. తరువాత ప్రశ్నలు. పగలు ఎవరు చూస్తారు? మీకు కోపం వస్తే ఏం చేస్తారు? రేపు పెళ్లి చేసుకుంటే? బిడ్డ అమ్మానాన్నల గురించి అడిగితే? పెళ్లి ప్రశ్నకు "జన్మలో చేసుకోను" అని ప్రమాణాలు చేయనక్కర్లేదు. చేసుకుంటే బిడ్డను కలుపుకునే మనిషినే చేసుకుంటానని చెప్పండి, అది నిజమైతేనే. పక్కింటివారిని కూడా అడగవచ్చు కాబట్టి వారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. మీ అక్కను ఆ రోజు ఇంట్లో ఉండమనండి. హామీ ఇచ్చిన మనిషి కళ్లెదుట ఉంటే ఆ పత్రానికి బలం వస్తుంది. ఈ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది.

ఆ తరువాత నిరీక్షణ. పోర్టల్‌లో మీ వరస సంఖ్య కదలదు, కదిలినట్టే కదిలి ఆగుతుంది. ప్రతి రాత్రి అది చూసుకుని నిద్ర పాడుచేసుకోకండి, నెలకొకసారి చాలు. ఫోను నంబరు, ఈ-మెయిలు మాత్రం మార్చకండి. వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, వివరాలు, వైద్య నివేదిక పంపుతారు. 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ వైద్య నివేదిక చదివి చెప్పగల పిల్లల డాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోండి. రిజర్వ్ చేశాక శిశు గృహకు వెళ్లి బిడ్డను చూసి, అక్కడి దత్తత కమిటీ ముందు మాట్లాడి, 30 రోజుల్లోగా అంగీకారం తెలపాలి. తరువాత బిడ్డ మీ ఇంటికి ముందస్తు సంరక్షణ కింద వస్తుంది. అప్పటికింకా చట్టపరంగా మీ బిడ్డ కాదు. దత్తత ఆదేశం 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు కలెక్టరే ఇస్తున్నారు, దరఖాస్తు పెట్టిన రెండు నెలల్లో తేల్చాలి. ఆదేశం వచ్చాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చి చూస్తారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, అయిదారేళ్లు దాటిన పిల్లలు చాలా త్వరగా వస్తారు. త్వరగా వస్తారని మాత్రం ఆ గడి నింపకండి. ఏడేళ్ల పిల్లకు జ్ఞాపకాలుంటాయి, అన్నం దాచుకునే అలవాటు ఉండవచ్చు, మొదటి ఆరు నెలలు మిమ్మల్ని మేడమ్ అని పిలవవచ్చు. దానికి సిద్ధపడితే అంతకంటే మంచి నిర్ణయం లేదు.

మన వైపు ఇంకో మాట వినిపిస్తుంది: "ఎవరి బిడ్డో ఎందుకు, మీ తమ్ముడి రెండో బిడ్డను పెంచుకో." ఇదీ కుదురుతుంది. కారా పోర్టల్‌లోనే బంధువుల దత్తతకు వేరే దారి ఉంది. హిందువులైతే 1956 నాటి దత్తత చట్టం కింద ఇచ్చిపుచ్చుకుని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ చట్టం కింద బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. దత్తత మగబిడ్డ అయితే మీకూ అతనికీ 21 ఏళ్ల తేడా ఉండాలి. ఏ దారైనా నోటిమాటగా పెంచుకోవడం మాత్రం వద్దు. తమ్ముడికి ఆస్తి పంపకాల దగ్గర కోపం వచ్చిన రోజున బిడ్డ మళ్లీ అతని బిడ్డే అవుతుంది.

కాగితాలు

పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించండి. పెళ్లికాని తల్లి ప్రమాణపత్రం ఇస్తే తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఒంటరి తల్లి తానే వివరాలు ఇచ్చే వీలు స్పష్టంగా కల్పించింది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి చేరిక నుంచి అన్నింటికీ ఈ పత్రమే ఆధారం, అందుకని దీంట్లో అక్షరం తప్పు రానివ్వకండి. గుమస్తా తనకు తోచిన పేరేదో తండ్రి గడిలో రాస్తే సరిదిద్దించడానికి నెలలు పడుతుంది. కాన్పు అయిన ఆస్పత్రి పంపే వివరాల కాగితాన్నే డిశ్చార్జికి ముందు అడిగి చూసుకోండి. దత్తత బిడ్డకు కలెక్టరు ఆదేశం ఆధారంగా మీ పేరుతో జనన ధ్రువపత్రం వస్తుంది.

పాస్‌పోర్టుకు 2016 డిసెంబరు నుంచి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు చాలు. పాన్‌కు 2018 డిసెంబరు 5 నుంచి ఒంటరి తల్లి బిడ్డ తండ్రి పేరు రాయనక్కర్లేదు. అయిదేళ్లలోపు బిడ్డ ఆధార్‌కు జనన ధ్రువపత్రంతో పాటు మీ ఒక్కరి ఆధార్ సరిపోతుంది. బడిలో తండ్రి పేరు గడిలో అడ్డగీత గీయండి, దబాయిస్తే జనన ధ్రువపత్రం నకలు జతచేసి, ఇందులో ఉన్నట్టే రాసుకోమనండి.

ఉద్యోగం, డబ్బు, వీలునామా

బిడ్డను కన్న తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. దత్తత తల్లికి 12 వారాలు అని 2017లో ప్రసూతి చట్టంలో రాసినప్పుడు, బిడ్డ వయసు మూడు నెలల్లోపు ఉండాలని షరతు పెట్టారు. విచిత్రం ఏమిటంటే, బిడ్డను అప్పగించిన కన్నవారికి మనసు మార్చుకోవడానికే రెండు నెలల గడువు ఉంటుంది. ఆ గడువు తీరి, కాగితాలు నడిచి, మీ చేతికి వచ్చేసరికి బిడ్డకు మూడు నెలలు ఎప్పుడో దాటి ఉంటాయి. అందుకని నమోదు చేసుకున్న ఏడాదే మీ సంస్థలో దత్తత సెలవు ఎంత ఇస్తారో లేఖ రాసి అడిగి జవాబు తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులు దత్తత సెలవు, శిశు సంరక్షణ సెలవు నిబంధనలు తమ కార్యాలయంలో చూసుకోవాలి.

మీకేమైనా అయితే బిడ్డకు డబ్బు అందేలా టర్మ్ బీమా తీసుకోండి. నామినీ మైనరైతే డబ్బు అందుకునే పెద్దవారి పేరు కూడా రాయాలి, అక్కడా మీ రెండో మనిషి పేరే. వీలునామా రాసి బిడ్డకు సంరక్షకుడిని నియమించండి. పెళ్లికాని హిందూ తల్లికి ఆ హక్కు చట్టంలోనే ఉంది. ఇతర మతాలవారు న్యాయవాదిని అడిగి రాయించుకోవడం మేలు.

నోళ్లు, గోత్రం, బిడ్డ

ఊరికి జవాబు చెప్పే పని మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. అద్దె ఇంటివారికి, "నేనూ నా బిడ్డా ఉంటాం" అన్నది సంపూర్ణమైన వాక్యం. ఇల్లు ఇవ్వనివారు ఇవ్వరు, ఇచ్చేవారు దొరుకుతారు. గర్భం కనిపించక ముందే కార్యాలయంలో ఇద్దరికి మీరే చెప్పండి, మిగతావారికి ఆ ఇద్దరే చెబుతారు.

గుడిలో అర్చన చీటీ మీద గోత్రం అడుగుతారు. కపిలతీర్థంలోనైనా కాణిపాకంలోనైనా మీ గోత్రం చెప్పి, మీ పేరు, బిడ్డ పేరు చెప్పండి. పూజారికి వెనక యాభై మంది వరసలో ఉన్నారు, ఆయన రెండో ప్రశ్న వేయరు. నామకరణానికి పిలిచే పురోహితుడితో మాత్రం ముందురోజే మాట్లాడండి. సంకల్పంలో తండ్రి స్థానంలో ఏం చెప్పాలో ఆయన ఆలోచించుకుంటారు, లేదంటే పీటల మీద అందరి ముందు తడబాటు. కుదరదంటే ఇంకొకరిని పిలవండి.

బిడ్డకు నిజం బడిలో చేరకముందే తెలియాలి, మీ నోటి నుంచే తెలియాలి. దత్తత అయితే, "నిన్ను ఇంకో అమ్మ కన్నది, నేను శిశు గృహకు వచ్చి తెచ్చుకున్నాను" అన్న మాట మూడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. 18 ఏళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి ఆ పిల్ల స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకుముందైతే మీతో కలిసి చేయాలి. అందుకోసం శిశు గృహ ఇచ్చిన నివేదిక, మొదటి ఫొటో, ఆ రోజు తొడిగిన గౌను పారేయకండి. దాత ద్వారా పుట్టిన బిడ్డకు, "ఒకాయన సాయం చేశాడు, ఆయన పేరు డాక్టరు కూడా నాకు చెప్పరు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్న దుబాయిలో ఉన్నాడనో చనిపోయాడనో కథ అల్లితే దాన్ని అమ్మమ్మ ఒకలా, పిన్ని ఇంకోలా చెబుతారు, పిల్లలు పట్టేస్తారు. బడిలో టీచరుకూ ఇదే మాట ముందే చెప్పి ఉంచండి, నాన్న గురించి వ్యాసం రాయమన్న రోజున తాతయ్య గురించో మామయ్య గురించో రాయనిస్తారు.